ఉన్నది ఉన్నట్టుగా

మా పిన్ని జుల్మీరాకి డ్రైవింగ్ లైసెన్సు యాభై నాలుగో ఏట వచ్చింది. సొంత కారు రావడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఆమె పొద్దున్నే అయిదున్నరకి లేచి, ఆరు పదికి మెయిన్ స్ట్రీట్‌లో బస్సెక్కి, రోజుకి ముగ్గురు పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళకి స్నానాలు చేయించి, మందులు వేసి, అన్నం పెట్టి, మళ్ళీ బస్సులోనే ఇంటికొచ్చేది. బాస్టన్ పక్కనున్న మా బ్రాక్టన్‌లో చలికాలం బస్సు కోసం నిలబడడం ఏమిటో నిలబడినవాళ్ళకే తెలుస్తుంది.

అందుకే సెప్టెంబరులో ఆమె ఆ బూడిదరంగు కారు తెచ్చి ఇంటి ముందు ఆపిన రోజున మా మూడంతస్తుల ఇంట్లో అందరం కిందికి దిగాం. పై అంతస్తులో పిన్ని, మధ్యలో నేనూ మా అమ్మా, కింద అద్దెకున్నవాళ్ళు. అమ్మ కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బానెట్ మీద చెయ్యి వేసి, ఏదో గొణుక్కుంటూ శిలువ గుర్తు వేసింది.

"డెబ్భై ఒక్క వేల మైళ్ళు తిరిగింది. అయినా చూడు, సీట్లు ఎలా ఉన్నాయో," అంది పిన్ని. "ఆగ్నేలో దగ్గర కొన్నాను. మనవాడు కదా, మోసం చెయ్యడు."

ఆగ్నేలో మా వాళ్ళంతా వదిలివచ్చిన ఫోగో దీవి వాడే. పదేళ్ళప్పుడు ఈ దేశం వచ్చాడు, ఇప్పుడు నలభై అయిదుంటాయి. మెయిన్ స్ట్రీట్ చివర పాత కార్లు అమ్మే షాపు పెట్టాడు. మా కుర్రాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకి జెర్సీలు కొనిచ్చేది అతనే. చర్చి విందుకి మేకలు ఇచ్చేదీ అతనే. మా వాళ్ళలో సగం మంది కార్లు అతని షాపు గేటు దాటి వచ్చినవే.

పిన్నికి ఒక అలవాటుంది. ఆమె పని చేసే ఏజెన్సీ వాళ్ళు ప్రతి రోగికీ ఒక పుస్తకం పెట్టిస్తారు. ఎన్నింటికి వెళ్ళావు, ఏం తిన్నారు, రక్తపోటు ఎంత, కాలి వాపు తగ్గిందా పెరిగిందా, అన్నీ రాయాలి. చాలామంది రెండు ముక్కలు గీకి ఊరుకుంటారు. పిన్ని మాత్రం పేజీ నిండా రాస్తుంది. ఇంగ్లీషులో అక్షరదోషాలుంటాయి గానీ, అబద్ధం ఒక్కటి ఉండదు. కారు కొన్న రోజునే దానికీ ఒక నల్ల అట్ట నోట్‌బుక్ పెట్టింది. "ఇదీ మనిషి లాంటిదే. పెద్ద వయసులో నా చేతికొచ్చింది. దీని ఆరోగ్యం నేను చూసుకోవాలి," అంది. నేను నవ్వాను.

మూడో వారంలో జబ్బు బయటపడింది. పిన్ని చూసుకునే మిస్టర్ ఫోగర్టీ ఇల్లు వెస్ట్ సైడ్‌లో ఎత్తు మీద ఉంటుంది. ఆయన దగ్గరికి వెళ్తుంటే సిగ్నల్ దగ్గర కారు ఆగింది. పచ్చ దీపం పడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలదు. నాలుగు సెకన్ల తరవాత వెనక నుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపుతో ముందుకి ఉరికింది.  ఆ సాయంత్రం పిన్ని నోట్‌బుక్‌లో టైమూ, మీటరు రీడింగూ, సిగ్నల్ పేరూ రాసుకుంది.

మర్నాడు కారు షాపులో ఇచ్చింది. ఆగ్నేలో నవ్వుతూ తీసుకున్నాడు. "ఏం కాదక్కా, గేర్‌బాక్స్‌లో ఆయిల్ మారిస్తే సరి," అన్నాడు. నాలుగు పనిరోజులు ఉంచుకుని ఇచ్చాడు. వారం తిరక్కుండా అదే కుదుపు. మళ్ళీ ఇచ్చింది, మళ్ళీ నాలుగు రోజులు. నవంబరు మొదట్లో హైవే ఎక్కబోతుంటే బండి అసలు వేగమే అందుకోలేదు. వెనక వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ పక్క నుంచి దూసుకుపోయింది. మూడోసారి ఇచ్చింది. మూడోసారి కూడా నాలుగు పనిరోజులు. ఆ పన్నెండు రోజులూ పిన్ని మళ్ళీ బస్సే ఎక్కింది.

నవంబరు మూడో వారంలో మధ్యాహ్నం నడిరోడ్డు మీద కారు ఆగిపోయింది. లాక్కెళ్ళడానికి ట్రక్కుతో వచ్చిన డ్రైవరు గొలుసులు తగిలిస్తూ అడిగాడట.

"షాపులో కొన్నావా, మనిషి దగ్గర కొన్నావా?"

"షాపులో."

"ఎన్నాళ్ళయింది?"

"రెండు నెలలు కావస్తోంది."

"అయితే నాకెందుకు డబ్బులిస్తున్నావమ్మా? ఈ రాష్ట్రంలో షాపువాడు అమ్మిన బండికి పూచీ ఉంటుంది. వెళ్ళి అడుగు."

కారుని ఇంటి ముందు దింపించి, పిన్ని ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని వెళ్దామనుకుంది గానీ, నాకు జుట్టు పనికి ఇద్దరు కస్టమర్లున్నారు. నాది సెలూన్. అందుకని గురువారం వెళ్ళాం. అప్పటికి కారు కొని అరవై ఒక్క రోజులు.

ఆగ్నేలో ఈసారి కుర్చీలోంచి లేవలేదు. "అక్కా, వారంటీ అరవై రోజులే. నిన్నటితో అయిపోయింది. పైగా ఇదిగో," అని ఒక కాగితం తిప్పి చూపించాడు. కింద పిన్ని సంతకం ఉంది. పైన, బండిని ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నాను, తరవాత ఏం జరిగినా షాపుకి సంబంధం లేదు అని ఉంది.

"ఇది ఆ రోజు నువ్వు నాకు చదివి చెప్పలేదే," అంది పిన్ని.

"అన్నీ చదివి చెప్తూ కూర్చుంటే నేను బండ్లెప్పుడు అమ్మను?"

"ట్రక్కాయన చెప్పాడు, షాపువాడికి పూచీ ఉంటుందని చట్టం ఉందిట."

ఆగ్నేలో నవ్వాడు. పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు సేల్స్ కుర్రాళ్ళ వైపు తిరిగి, మా దీవి భాష క్రియోలులోనే, అందరికీ వినపడేట్టు అన్నాడు. "ముసలాళ్ళ డైపర్లు మార్చుకునే ఆవిడ నాకు చట్టం చెప్తోందిరా."

ఆ ఇద్దరూ నవ్వారో లేదో నేను చూడలేదు. పిన్ని ముఖం చూస్తున్నాను. అది ఎర్రబడలేదు. ఆమె బల్ల మీది కాగితాన్ని వేలితో అతని వైపు జరిపింది. "దీనికో కాపీ ఇయ్యి," అంది. అతను ఇవ్వనంటే అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇరవై నిమిషాల తరవాత కాపీ ఇచ్చాడు.

శనివారం ఆమె లైబ్రరీకి వెళ్ళింది. అక్కడి అమ్మాయి కంప్యూటర్‌లోంచి ఆ చట్టం పేజీలు తీసి ఇచ్చింది. పదకొండు పేజీలు. పిన్ని వాటిని రోగుల పుస్తకాలతో పాటే సంచిలో పెట్టుకుని, ఏ ఇంట్లో తీరిక దొరికితే అక్కడ చదివేది. రెండు వాక్యాలకి పావుగంట పట్టేది. తెలియని మాట కింద గీత గీసి, రాత్రి నన్నడిగేది. సగం మాటలు నాకూ తెలియవు. నేను పన్నెండో తరగతి ఇక్కడే చదివాను, అయినా తెలియవు.

డిసెంబరు వచ్చేసరికి ఆమెకి మూడు సంగతులు గట్టిగా తెలిశాయి. మా రాష్ట్రంలో పిన్ని కొన్నలాంటి పాత బండిని షాపువాడు ఉన్నది ఉన్నట్టుగా అని రాయించుకుని చేతులు దులుపుకోవడం కుదరదు. ఆ కాగితం మీద ఎవరు సంతకం పెట్టినా అది చెల్లదు. బండి మరమ్మతులో ఉన్న రోజులు ఆ అరవైలో లెక్కకి రావు. ఒకే లోపాన్ని మూడుసార్లలో బాగుచెయ్యలేకపోయినా, పది పనిరోజులకి మించి బండి షాపులో పడి ఉన్నా, కొన్నవాళ్ళు దాన్ని తిరిగిచ్చి తమ సొమ్ము అడగొచ్చు. షాపువాడు కాదంటే రాష్ట్రం ఒక మధ్యవర్తిని పెడుతుంది.

"రెండూ అయ్యాయి," అంది పిన్ని వంటింట్లో నిలబడి. "మూడుసార్లూ అయింది, పన్నెండు రోజులూ అయింది." గెలిచినట్టు కాదు, జ్వరం కొలిచి అంకె చెప్పినట్టు చెప్పింది.

ఆమె దరఖాస్తు పంపిన సంగతి ఎలా పాకిందో తెలియదు గానీ, మూడు రోజుల్లో నా సెలూన్‌కి వచ్చింది. మేమంతా మర్యాదగా డోనా అని పిలిచే బీబియానా మా చర్చి ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. జడలు అల్లించుకుంటూ అద్దంలో నా కళ్ళలోకి చూసి అంది.

"నిల్డా, మీ పిన్ని మనవాణ్ణి రాష్ట్రం ముందుకి ఈడుస్తోందిట."

"కారు చెడిపోయింది డోనా."

"అందరి కార్లూ చెడతాయి. మనలో మనం కూర్చుని మాట్లాడుకునేదానికి బయటివాళ్ళెందుకు? విందుకి మేకలెవరిస్తున్నారో ఆమెకి గుర్తులేదా?"

 నిజం చెప్పాలంటే ఆమె మాట నాకు కొంత సబబుగానే తోచింది. ఆ వారమే ఆగ్నేలో కూడా కబురంపాడు. ఇంకో కారు ఇస్తాడట, ఇంకొంచెం పాతది, నీలంది. దరఖాస్తు వెనక్కి తీసుకుని, మొదటి కారుతో తనకి ఏ ఇబ్బందీ రాలేదని పిన్ని రాసివ్వాలిట. ఆ రాత్రి భోజనం దగ్గర మొక్కజొన్నలూ చిక్కుళ్ళూ వేసి వండిన కచూపా వడ్డిస్తూ నేనే ఎత్తాను.

"తీసేసుకో పిన్నీ. చలికాలం వచ్చేసింది. బస్సులో ఎన్నాళ్ళు తిరుగుతావు?"

"ఏ ఇబ్బందీ రాలేదని రాయాలా?"

"రాస్తే ఏం పోయింది? కాగితమే కదా."

పిన్ని చెంచా పక్కన పెట్టింది. "ఇరవై రెండేళ్ళుగా నేను కాగితం మీద ఏం రాస్తే డాక్టర్లు దాన్ని నమ్మి మందులు మారుస్తున్నారు. నొప్పి ఉంటే లేదని ఒక్కనాడు రాయలేదు. ఇప్పుడు ఒక నీలం కారు కోసం రాయమంటావా?"

అమ్మ నా వైపు చూసి, నోరు మూసుకుని తినమన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది. తిన్నాను. 

విచారణ జనవరి ఆఖరికి పెట్టారు. ఆ ఆరువారాలూ పిన్నికి తర్ఫీదు ఇచ్చింది మిస్టర్ ఫోగర్టీ. ఆయనకి ఎనభై ఎనిమిదేళ్ళు. చక్కెరజబ్బుతో ఒక కాలు మోకాలి కింద తీసేశారు. ఒకప్పుడు చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి, అక్కడ కార్మిక సంఘం తరఫున యజమానులతో మాట్లాడేవాడట. పిన్ని ఆ చట్టం కాగితాలు చదువుతుంటే ఒకనాడు అవేమిటని అడిగి, మొత్తం విని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"నేను ఆ కార్లవాణ్ణి. నువ్వు నువ్వే. మొదలెట్టు," అన్నాడు.

నేనొకసారి పిన్నికి గొడుగు ఇవ్వడానికి వెళ్ళి ఆ నాటకం చూశాను. ఆయన ఎంత దుర్మార్గంగా నటించాడంటే, నాకే కొట్టాలనిపించింది.

"సంతకం నీదే కదమ్మా. చదువు రాకపోతే అది నా తప్పా?"

"నాకు చదువు వచ్చు. మీరు చదవనివ్వలేదు," అంది పిన్ని.

"నీకు బండి నడపడం రాదు. యాభై నాలుగేళ్ళకి నేర్చుకున్నావు. గేర్‌బాక్స్ నువ్వే పాడుచేశావు."

పిన్ని నోటి వెంట క్రియోలులో ఒక పొడుగాటి వాక్యం వచ్చింది. అందులో ఆయన పూర్వీకుల ప్రస్తావన కూడా ఉంది. ఫోగర్టీకి ముక్క అర్థం కాకపోయినా శ్రద్ధగా విన్నాడు.

"కోపం వస్తే నీ భాషలోకి వెళ్ళిపోతున్నావు జుల్మీరా. వెళ్ళు, తప్పులేదు. కానీ తిరిగి రా. అవతలివాడు కోరేది నువ్వు తిరిగి రాకూడదనే."

"ఇంకోసారి అడగండి," అంది పిన్ని ఆయన మోకాలికి కట్టు విప్పుతూ.

ఆయన మళ్ళీ అడిగాడు. ఆమె ఈసారి పుండు తుడుస్తూ, చెయ్యి ఆపకుండా, నెమ్మదిగా ఇంగ్లీషులోనే జవాబు చెప్పింది.

విచారణ బాస్టన్‌లో ఒక ఆఫీసు భవనం నాలుగో అంతస్తులో జరిగింది. చిన్న గది, పొడుగు బల్ల, నీళ్ళ సీసాలు. మధ్యవర్తి విట్‌కోంబ్ అనే ఆవిడ. అరవై ఏళ్ళుంటాయి, సన్నగా ఉంది, కళ్ళజోడు గొలుసుకి వేలాడుతోంది. అవతల ఆగ్నేలో, మంచి కోటు వేసుకుని, ఫైలుతో వచ్చాడు. నేను కారులో ఒకసారి కూర్చుని కుదుపు చూసిన సాక్షిని.

"దుబాసీ కావాలంటే ఏర్పాటు చేస్తాం," అంది విట్‌కోంబ్.

"వద్దమ్మా. ఏదన్నా మాట రాకపోతే నేనే ఆగి అడుగుతాను," అంది పిన్ని.

ముందు పిన్ని చెప్పింది. అయిదు నిమిషాలే. కొన్నది ఎప్పుడు, కుదుపు ఎప్పుడు, షాపులో ఇచ్చినవి ఎప్పుడెప్పుడు. చేతులు బల్ల మీద ఒకదానిమీద ఒకటి పెట్టుకుని చెప్పింది. తరవాత ఆగ్నేలో మొదలెట్టాడు. నాకు తెలిసిన ఆగ్నేలో కాదు, మెత్తగా, మర్యాదగా.

"మేడమ్, ఆవిడంటే నాకు గౌరవం. మా ఊరావిడ. కానీ బండి మా షాపుకి వచ్చింది రెండేసార్లు. రెండు మరమ్మతుల బిల్లులూ ఇక్కడున్నాయి. మూడోసారి అన్నది ఆవిడ పొరపాటు. నవంబరులో మా రికార్డుల్లో ఏమీ లేదు."

 రెండుసార్లే అయితే మూడుసార్ల లెక్క పోతుంది. నాలుగు రోజులు తీసేస్తే పది రోజుల లెక్క కూడా పోతుంది.  మూడోసారి షాపులో ఆమెకి రసీదు ఇవ్వలేదు. అప్పుడు పిన్ని అడగలేదు కూడా, మనవాడే కదా అని.

పిన్ని సంచిలోంచి నల్ల అట్ట నోట్‌బుక్ తీసింది. వేలితో పేజీ వెతికి చదివింది.

"నవంబరు మూడు, సోమవారం. పొద్దున్న ఏడూ ఇరవైకి షాపులో ఇచ్చాను. మీటరు డెబ్భై రెండు వేల ఆరువందల పద్నాలుగు. ఆగ్నేలో లేడు. తాళం తీసుకున్నది పొడుగ్గా ఉన్న మెకానిక్. ఎడమ చేతికి కట్టు ఉంది. వాన పడుతోంది. బస్సులో వెళ్ళాను. ఆరో తారీకు సాయంత్రం తెచ్చుకున్నాను. మీటరు డెబ్భై రెండు వేల ఆరువందల ఇరవై మూడు."

"నోట్‌బుక్‌లో ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు మేడమ్," అన్నాడు ఆగ్నేలో.

"నిజమే," అంది పిన్ని. "అందుకే ఇవి కూడా తెచ్చాను."

ఏజెన్సీ నుంచి తెచ్చిన నాలుగు కాగితాలు బల్ల మీద పరిచింది. పనిచేసేవాళ్ళు రోగి ఇంటికి చేరగానే ఆ ఇంటి ఫోన్ నుంచే ఏజెన్సీకి ఫోన్ చెయ్యాలి. టైము దానంతటదే నమోదవుతుంది. కారున్న రోజుల్లో పిన్ని ఫోగర్టీ ఇంటి నుంచి ఎనిమిది కావడానికి అయిదు నిమిషాల ముందు ఫోన్ చేసింది. కారు లేని రోజుల్లో ఎనిమిదీ ఇరవై, ఎనిమిదీ పాతిక. అక్టోబరులో రెండు విడతలు, నవంబరులో ఒక విడత. నోట్‌బుక్‌లో తారీకులూ, ఆ కాగితాల మీద ఆలస్యాలూ ఒకదాని పక్కన ఒకటి సరిపోయాయి. విట్‌కోంబ్ పెన్సిలుతో ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ చాలాసేపు చూసింది. పన్నెండు టిక్కులు.

ఆమె తలెత్తి ఆగ్నేలోని అడిగింది. "నవంబరు మొదటి వారంలో మీ దగ్గర ఎడమ చేతికి కట్టుతో పనిచేసిన మెకానిక్ ఎవరైనా ఉన్నారా?"

అతను ఫైలు మూసి తెరిచాడు. లేడు అనడానికి ఒక్క క్షణం చాలు. అతని పెదవులు కదిలాయి కూడా. పిన్ని అతని వైపే చూస్తోంది, కోపంగా కాదు. రోగి మాత్ర మింగేదాకా పక్కనే నిలబడి చూస్తుందే, అలా.

"ఉన్నాడు," అన్నాడు.

విట్‌కోంబ్ నోట్‌బుక్ అడిగి తీసుకుని మొదటి నుంచి పేజీలు తిప్పింది. ఒకచోట ఆగి పైకి చదివింది. "అక్టోబరు ముప్ఫై. ఇవాళ పిల్లి అడ్డం వస్తే నేనే బ్రేకు గట్టిగా తొక్కాను. బండి తప్పు కాదు."

"చూశారా మేడమ్, ఆవిడే ఒప్పుకుంటోంది," అన్నాడు ఆగ్నేలో, ఆశగా.

విట్‌కోంబ్ తన కాగితం మీద ఏదో రాసుకుంది. చివర్లో పిన్నిని అడిగింది. "మీరేం పని చేస్తారు?"

ఆ ప్రశ్నకి పిన్ని తడబడుతుందేమోనని నేను భయపడ్డాను. ఆ షాపులో మాట నా చెవుల్లో ఇంకా ఉంది. పిన్ని వెన్ను నిటారు చేసింది.

"ఇళ్ళకి వెళ్ళి పెద్దవాళ్ళని చూసుకుంటానమ్మా. వాళ్ళకి ఎలా ఉందో రాస్తాను."

"తెలుస్తోంది," అంది విట్‌కోంబ్.

రెండువారాల తరవాత ఉత్తరం వచ్చింది. పిన్ని మెట్ల మీదే కవరు చింపి, నాకివ్వకుండా తనే చదివింది. ఆగ్నేలో బండి వెనక్కి తీసుకోవాలి. ఆమె తిప్పిన మైళ్ళకి కొంత తగ్గించుకుని, కొన్న ధర తిరిగివ్వాలి. కింద ఒక వాక్యం ఉంది. దాన్ని ఆమె రెండుసార్లు చదివింది. తన తప్పుని కూడా రాసుకున్న మనిషి మిగతావి కల్పించి రాసిందని అనుకోవడానికి నాకు ఏ కారణమూ కనపడలేదు అని.

అమ్మ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. నేను పిన్నిని పట్టుకుని, నీలం కారు తీసుకోమన్నందుకు క్షమించమన్నాను.

"నువ్వు చలి గురించి చెప్పావు. అది అబద్ధం కాదుగా," అంది.

మర్నాడు ఆ ఉత్తరం ఫోగర్టీ దగ్గరికి పట్టుకెళ్ళింది. నేనూ వెళ్ళాను, ఆయన ముఖం చూడాలని. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు. "నువ్వే చదువు," అన్నాడు. పిన్ని కిటికీ దగ్గర నిలబడి రెండు పేజీలూ చదివింది. ఎక్కడా ఆగలేదు, ఏ మాటా తడబడలేదు. అయిపోయాక ఆయన రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, ఒంటికాలి మీద బరువు మోపి లేవబోయాడు.

"ఏం కావాలి? కూర్చోండి, నేను తెస్తాను," అంది పిన్ని కంగారుగా.

"ఏమీ వద్దు. మా ఫ్యాక్టరీలో మనవాళ్ళు గెలిచొస్తే లేచి నిలబడేవాళ్ళం."

పిన్ని ఆయన చంక కింద భుజం పెట్టింది. ఇద్దరూ అలా కాసేపు నిలబడ్డారు. తరవాత ఆమె ఆయన్ని కూర్చోబెట్టి, ఆరోజు పుస్తకంలో రాసింది. నేను తొంగిచూశాను. "ఉదయం తొమ్మిదిన్నరకి సాయంతో ఒక నిమిషం నిలబడ్డారు. ఉత్సాహంగా ఉన్నారు."

ఆ ఆదివారం చర్చి హాల్లో డోనా బీబియానా కాఫీ కప్పుతో పిన్ని దగ్గరికి వచ్చింది. ఏదో అంటుందని మేమంతా బిగుసుకున్నాం. ఆమె చేతిసంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి, గొంతు తగ్గించి, "మా మనవరాలు కొన్న బండి. వేరే షాపులోలే. ఇందులో ఏముందో ఒకసారి చూడవూ," అంది. పిన్ని కళ్ళజోడు తగిలించుకుంది. కాసేపటికి ఆ బల్ల చుట్టూ ఇంకో నలుగురు చేరారు. ఆమె వాళ్ళకి క్రియోలులో చెప్తోంది. షాపులో కొంటే ఏమిటి, మనిషి దగ్గర కొంటే ఏమిటి, రసీదు ఎందుకు అడగాలి, మనవాడైనా సరే ఎందుకు అడగాలి. ఆమె గొంతు హాలంతా వినపడుతోంది. బస్సులో మూడు వరసల అవతలికి కూడా వినపడకుండా మాట్లాడే మనిషి ఆమె.

ఆగ్నేలో కారు తీసుకెళ్ళడానికి స్వయంగా వచ్చాడు. ఎవరినైనా పంపిస్తాడనుకున్నాం. అంతకు గంట ముందు పిన్ని రెండు బకెట్ల వేడినీళ్ళు మోసుకెళ్ళి, గడ్డకట్టే చలిలో ఆ కారు కడిగింది. లోపల చాపలు దులిపింది, అద్దాలు తుడిచింది. ఎవరి కోసం అంటే, "అప్పగించేటప్పుడు శుభ్రంగా అప్పగించాలి," అంది.

అతను చెక్కు కవరు ఆమె చేతికిచ్చి, కారు చుట్టూ తిరిగి చూశాడు. మా అమ్మ రెండో అంతస్తు కిటికీలోంచి చూస్తోంది.

"కడిగావా?" అన్నాడు.

"ఊఁ."

అతను తాళంచెవులు అరచేతిలో ఎగరేస్తూ నేల చూపులు చూశాడు. "నా పేరు పోయిందక్కా. షాపుకి వచ్చి ప్రతివాడూ వారంటీ కాగితం అడుగుతున్నాడు."

"ఇయ్యి మరి. ఇస్తే పేరు పోదు."

"ఇస్తున్నాను." తాళంచెవులు పిడికిట్లో మూసి అన్నాడు. "ఆ రోజు షాపులో ఆ మాట... మా అమ్మకి తెలిసింది. అక్కడ దీవిలో ఆమెని చూసుకునేది కూడా నీలాంటి ఆవిడే. నెల రోజులు నాతో మాట్లాడలేదు."

"మీ అమ్మకి నా నమస్కారాలు చెప్పు," అంది పిన్ని.

అతను కారు తలుపు తీసి, "ఎక్కు, నిన్ను పనిదగ్గర దింపుతాను. అంతదూరం ఎలాగోలా నడుస్తుందిలే," అన్నాడు. ముగ్గురం ఒక్కసారి ఆ బండిని చూశాం. ముందు నవ్వింది పిన్నే. తరవాత అతను కూడా నవ్వాడు, తల గోక్కుంటూ.

"వద్దులే. రోగి ఎదురుచూస్తుంటాడు, ఆలస్యం కాకూడదు," అంది ఆమె.

సంచి భుజాన వేసుకుని, చెక్కు కవరు కోటు లోపలి జేబులో పెట్టి గుండీ బిగించి, మెయిన్ స్ట్రీట్ వైపు నడిచింది. అప్పుడే మలుపు తిరిగి వస్తున్న బస్సుకి చెయ్యెత్తింది. డ్రైవరు ఆమెని ఎరుగును కాబట్టి స్టాపుకి పది అడుగుల ముందే ఆపాడు.